నన్నారి షర్బత్: రంగు వచ్చింది, వాసన ఎటు పోయింది?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పోయిన నెల మూలికల అంగట్లో పావుకిలో ఎండు నన్నారి కొమ్ములు కొన్నాను. కడిగి, ముక్కలు కొట్టి, రెండు లీటర్ల నీళ్లు పోసి, లీటరు అయ్యేదాకా మరిగించి, వడగట్టి, కిలో చక్కెర వేశాను. రంగు చూస్తే ముచ్చటేసింది. తాగితే ఒకటే వగరు, వాసన లేదు. పదో రోజుకి సీసాలో పైన తెల్లటి పొర కట్టింది, మూత తీస్తే బుస్సుమని పొంగింది. పాకం ముదరలేదని ఎవరో అంటే రెండోసారి తీగపాకం దాకా కాచాను. అది చెడలేదు కానీ అడుగున కలకండలా గడ్డకట్టింది. బండి దగ్గర తాగే షర్బత్‌కి ఉండే గుబాళింపు ఇంట్లో ఎందుకు రాదు? అసలు నేను కొన్న లావు కొమ్ములు నన్నారేనా? సన్నగా, నల్లగా ఉండేవే అసలువని మా అత్తగారు అంటారు.
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ అత్తగారి మాట తేలుద్దాం. ఆమె అన్నదీ నిజమే, మీరు కొన్నదీ నన్నారే. సన్నగా, ముదురు గోధుమ రంగులో, బెరడు మీద అడ్డంగా పగుళ్లతో ఉండేది సుగంధిపాల వేరు. ఆయుర్వేదంలో అనంతమూలం, సారిబ అనేది దీన్నే. శాస్త్రీయ నామం హెమిడెస్మస్ ఇండికస్. వేలంత లావుగా, కండపట్టి ఉండేవి మారెడు కొమ్ములు, శాస్త్రీయంగా డెకాలెపిస్ హామిల్టోనై. నల్లమల, శేషాచలం కొండల్లో దొరికేది ఇది. రాయలసీమలో షర్బత్‌కి ఎక్కువగా వాడేదీ, ఊరగాయ పెట్టేదీ ఈ లావు కొమ్ములనే. మొక్కలు వేరైనా రెండింటికీ సువాసన ఇచ్చే పదార్థం ఒకటే. వెనిలాకి వాసననిచ్చే పదార్థంలో ఏ పరమాణువులు ఎన్ని ఉన్నాయో ఇందులోనూ అవే అన్ని ఉంటాయి, అమరిక ఒక్కటే మారుతుంది. నన్నారి తాగుతుంటే ఐస్‌క్రీమ్ గుర్తొచ్చేది అందుకే.

మీ మూడు కష్టాలకీ మూలం ఒకటే: వాసన కోసమైనా, నిలవ కోసమైనా పొయ్యినే నమ్ముకున్నారు. నన్నారికి పొయ్యితో పని చాలా తక్కువ. త్రాసుతోనే ఎక్కువ పని.

వాసన సంగతి చూడండి. ఆ పదార్థం ఆవిరితో పాటు లేచిపోయే రకం. మూత లేకుండా రెండు లీటర్లను లీటరు చేసేసరికి మీ వంటిల్లంతా ఘుమఘుమలాడి ఉంటుంది, ఇరుగుపొరుగు కూడా అడిగి ఉంటారు. ఇంటికి పట్టిన ఆ వాసనంతా మీ సీసాలో ఉండాల్సింది. అదే సమయంలో, అంతసేపు కాగితే తప్ప దిగని వగరు పదార్థాలు, రంగు మాత్రం నీళ్లలోకి బాగా దిగాయి. రంగు చిక్కబడిన కొద్దీ షర్బత్ మంచిదనుకోవడం పొరపాటు. సరిగ్గా చేసిన నన్నారి పలుచని డికాషన్ రంగులో, కొంచెం ఎరుపు తిరిగి ఉంటుంది. ఇంకో మాట, బండి దగ్గర వచ్చే గుబాళింపంతా వేరుదే అనుకోకండి. ఎసెన్సు కలిపిన సిరప్పులు కూడా వాడతారు. ఇంట్లో చేసినదాని వాసన అంతకంటే మెత్తగా ఉంటుంది, తాగాక గొంతులో కాసేపు నిలుస్తుంది.

రెండోది, ఆ వాసన వేరంతటా ఉండదు. ఒక కొమ్మును విరిచి చూడండి. బయట బెరడు, దాని కండ. మధ్యలో తెల్లగా గట్టి పుల్ల. బెరడును గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకోండి. తర్వాత పుల్లను మాత్రం వాసన చూడండి, కట్టెపుల్లకీ దానికీ పెద్ద తేడా తెలియదు. మీరు ముక్కలు చేసి పుల్లతో సహా ఉడికించారు కాబట్టి తూకంలో చాలా భాగం ఉత్త కట్టెదే. ఈ గోటి పరీక్ష అంగట్లోనే చేయండి. గీకగానే వాసన తగలకపోతే అవి ఏళ్ల నాటి సరుకు, ఎంత చవకైనా వద్దు. ఎండినా పరవాలేదు, వాసన ఉండాలి. బెరడు ముడుచుకుపోయి, లోపల పుల్లే ఎక్కువగా ఉన్న కొమ్ములనూ పక్కన పెట్టేయండి.

ఇక ఈసారి ఇలా చేయండి.

కొమ్ములను పావుగంట నీళ్లలో వేసి, కొబ్బరిపీచుతో రుద్ది, నీళ్లు తేటగా వచ్చేదాకా మూడు నాలుగుసార్లు కడగండి. పగుళ్లలో ఎర్రమన్ను ఉంటుంది, అది ఉంటే షర్బత్ అడుగున బురద చేరుతుంది. తుడిచి గుడ్డ మీద నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు. తర్వాత రోట్లో వేసి రోకలితో పోట్లు వేస్తే బెరడు చిట్లి పుల్ల విడిపోతుంది. మరీ ఎండి గట్టిగా ఉంటే తడిగుడ్డలో అరగంట చుట్టి ఉంచండి, మెత్తబడి సులువుగా వస్తుంది. పుల్లలు ఏరేసి, మిగిలిన బెరడును కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీలో వేసి మెత్తటి పొడి చేయొద్దు. పొడి గుడ్డలోంచి జారిపోయి నీళ్లను మడ్డిగా చేస్తుంది, వగరు కూడా ఎక్కువ దించుతుంది.

ఇప్పుడు తూచండి. పుల్లలు తీశాక 100 గ్రాముల బెరడుకు లీటరు నీళ్లు. కొన్న వేరు తూకం ఇక్కడ లెక్కలోకి రాదు, ఎందుకంటే పుల్ల ఎంత పోతుందో కొమ్ము లావును బట్టి మారుతుంది.

నీళ్లను విడిగా మరిగించి, పొయ్యి కట్టేసి, రెండు నిమిషాలు ఆగి బెరడు మీద పోయండి. పాత్ర స్టీలుదో గాజుదో అయి ఉండాలి. ఇనప పాత్రలో అయితే వేరులోని పదార్థాలు ఇనుముతో కలిసి నలుపు తిరుగుతాయి. మూత బిగుతుగా పట్టేది చూసుకోండి, ఖాళీ ఉంటే అంచు చుట్టూ తడిగుడ్డ చుట్టండి. చల్లారాక మూత తీసేటప్పుడు లోపలి వైపు పట్టిన నీటిబొట్లను వాసన చూడండి. నన్నారి అంతా అక్కడే ఉన్నట్టుంటుంది. వాటిని పాత్రలోకే జార్చండి, సింకులోకి విదిలించొద్దు.

ఎంతసేపు నానాలి? ఆరు నుంచి ఎనిమిది గంటలు. రాత్రి పోసి పొద్దున తీయమని అందరూ చెబుతారు, చలికాలంలో అది సరే. ఏప్రిల్, మే నెలల్లో మీ ఊళ్లో రాత్రి కూడా ఇల్లు వేడిగానే ఉంటుంది. చక్కెర లేని వేరు నీళ్లు ఆ వేడికి పొద్దుటికల్లా పులిసే ప్రమాదం ఉంది. అందుకని పూర్తిగా చల్లారగానే గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున పైన సన్నటి నురగ, పుల్లటి వాసన కనిపిస్తే మాత్రం అది పారబోయాల్సిందే.

పలుచని నూలుగుడ్డ రెండు మడతలు వేసి వడగట్టండి. గుడ్డను ఒక్కసారి పిండితే చాలు. ఒక గంట కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైతేట వంచుకోండి. లీటరు పోస్తే 850 మిల్లీలీటర్ల దాకా రావచ్చు, మిగతాది బెరడు పీల్చుకుంటుంది. పిండిన బెరడు పారేయకండి, దానితో ఇంకో పని ఉంది.

ఇప్పుడు చక్కెర. మీ మొదటి సీసా ఎందుకు పులిసిందో, రెండోది ఎందుకు గడ్డకట్టిందో ఇక్కడే తెలుస్తుంది. లీటరు నీళ్లకు కిలో చక్కెర అంటే తూకంలో సగం నీళ్లు, సగం చక్కెర. అంత నీరు ఖాళీగా ఉంటే ఈస్టుకు పండగే. మూత తీసినప్పుడు బుస్సుమన్నది ఆ పులిసిన గాలే. నూటికి 65 పాళ్లు చక్కెర దాటితే నీళ్లన్నీ చక్కెరే పట్టుకుని కూర్చుంటుంది, ఈస్టుకు, బూజుకు నీళ్లు చిక్కవు. మరి ఎక్కువ వేస్తే ఇంకా మంచిది కదా అంటే, గది వేడిలో 68, 69 పాళ్లు దాటాక నీళ్లు ఇక చక్కెరను మోయలేవు. మీరు తీగపాకం పట్టినప్పుడు ఈ గీత దాటిపోయారు, అదనపు చక్కెర పలుకులు కట్టి అడుగుకు చేరింది. చెడకుండా, గడ్డకట్టకుండా ఉండే జాగా ఈ రెండు గీతల మధ్య ఇంత ఇరుకు. అందుకే వేళ్ల మధ్య తీగ సాగదీసి చూసే పరీక్ష దీనికి పనికిరాదు. అది లడ్డూలకూ అరిసెలకూ సరిపోయే కొలత.

తూకంలో ఒకటికి రెండు వేయండి. 850 గ్రాముల వేరునీళ్లకు కిలో 700 గ్రాముల చక్కెర. అంటే నూటికి 66, 67 పాళ్లు, సరిగ్గా ఆ ఇరుకు జాగాలో పడుతుంది. గ్లాసులతో కొలిస్తే ఇది కుదరదు. గ్లాసు చక్కెర గ్లాసు నీళ్ల కంటే తేలిక.

చక్కెరను వేరునీళ్లలో వేసి, కిలో చక్కెరకు ఒక పెద్ద చెంచా చొప్పున వడగట్టిన నిమ్మరసం కలిపి, సన్నటి సెగ మీద మూతపెట్టి కరిగించండి. నిమ్మ పులుపు చక్కెరను కొంచెం విడగొట్టి పలుకులు కట్టకుండా చూస్తుంది. మధ్యలో రెండు మూడుసార్లు మాత్రం మూత తీసి కలపండి. చక్కెర కరిగి, అంచుల వెంట చిన్న బుడగలు లేవగానే పైన తేలిన తెట్టు తీసేసి, రెండు నిమిషాలు ఉంచి దింపేయండి. దీన్ని మరిగించాల్సిన పనే లేదు. చిక్కదనం చక్కెర తూకంతోనే వచ్చేసింది, నీళ్లు ఇగరాల్సిన అవసరం లేదు. వేడిగా ఉన్నప్పుడు నీళ్లలా పలుచగా కనిపించి భయపెడుతుంది. ఇంకాస్త కాద్దామని మాత్రం చూడకండి, చల్లారితే నూనెలా జారుతుంది.

కొలత సరిపోయిందా అని అనుమానం ఉంటే ఇంటి త్రాసు చాలు. ఒక ఖాళీ సీసాలో సరిగ్గా 500 గ్రాముల నీళ్లు పోసి ఎక్కడిదాకా వచ్చాయో గీత గీయండి. సీసా ఆరాక, చల్లారిన షర్బత్‌ను అదే గీత దాకా పోసి తూచండి. సీసా బరువు పోగా 660 నుంచి 667 గ్రాములు తూగితే మీ పాకం కుదిరినట్టే. 675 దాటితే పలుకులు కడుతుంది. మీ మొదటి సీసా ఇలా తూచి ఉంటే 615 దగ్గర ఆగేది.

సీసాలో పోసేటప్పుడు ఒక చిన్న సంగతి చాలామంది షర్బత్‌ను పాడుచేస్తుంది. పాకం సరిగ్గానే ఉంటుంది, బూజు మాత్రం పైన పడుతుంది. కారణం నీటిచుక్క. వేడి షర్బత్‌ను సగం సీసా దాకా పోసి మూత పెడితే ఆవిరి మూతకింద బొట్లుగా పట్టి, తిరిగి షర్బత్ మీద పడుతుంది. షర్బత్ బరువు, నీళ్లు తేలిక. అందుకని ఆ బొట్లు కలవకుండా పైన పలుచని పొరలా నిలుస్తాయి. కింద ఎంత చిక్కగా ఉన్నా ఆ పొరలో చక్కెర తక్కువ. బూజు మొదలయ్యేది అక్కడే. కడిగిన సీసాలో మిగిలిన తడి చేసే పనీ అదే. కాబట్టి గాజుసీసాలను పది నిమిషాలు నీళ్లలో మరిగించి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. వేడి షర్బత్‌ను మెడ దాకా నింపి, మూత బిగించి, గుడ్డతో పట్టుకుని మూడు నిమిషాలు తలకిందులుగా ఉంచండి. ఆ తర్వాత కూడా వారానికోసారి సీసాను అటూ ఇటూ తిప్పుతుండండి. తడి చెంచా లోపలికి పోనివ్వకండి.

ఇలా చేసిన షర్బత్‌ను చల్లటి గదిలో చీకటి అరలో ఉంచితే ఒక వేసవి గడుస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా మంచిదనుకుంటారు కానీ, అంత చలిలో నీళ్లు మోయగలిగే చక్కెర 64 పాళ్లకు దిగిపోతుంది. ఒకటికి రెండు వేసిన పాకం అక్కడ మెల్లగా పలుకులు కట్టవచ్చు. ఫ్రిజ్‌లోనే ఉంచుకునేటట్టయితే ఒకటికి ఒకటిన్నర చక్కెర వేసి, నెలలోపు తాగేయండి.

చక్కెర బదులు పటికబెల్లం వేసినా లెక్క ఇదే. నల్లబెల్లం వేస్తే రుచి బాగానే ఉంటుంది, కానీ బెల్లం వాసన నన్నారిని మింగేస్తుంది, పైగా త్వరగా పులుస్తుంది. బెల్లంతో తాగాలనిపిస్తే ఏ పూటకాపూట కలుపుకోండి.

ఇక గ్లాసులోకి వద్దాం. సబ్జా గింజలు చెంచాడు, అరకప్పు మామూలు నీళ్లలో పావుగంట ముందే నానేయండి. నేరుగా షర్బత్‌లో వేస్తే తీపికి సరిగా ఉబ్బవు. పొడి గింజలు గొంతులో ఉబ్బితే ప్రమాదం, పిల్లలకు ఇచ్చేటప్పుడు పూర్తిగా ఉబ్బాయో లేదో చూసి ఇవ్వండి. పొడవాటి గ్లాసులో రెండు పెద్ద చెంచాల షర్బత్, అంటే 30 మిల్లీలీటర్లు, అరచెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు, మూడు చెంచాల మామూలు నీళ్లు పోసి కలపండి. ఐసు ముందే వేస్తే షర్బత్ చలికి బిగిసి అడుగునే ఉండిపోతుంది, మొదటి గుక్క చప్పగా, చివరి గుక్క పాకంలా ఉంటుంది. కలిశాక సబ్జా ఒక పెద్ద చెంచా, నాలుగైదు ఐసు ముక్కలు, 150 మిల్లీలీటర్ల కుండనీళ్లు. సోడా అయితే చివర్న గ్లాసు పక్కనుంచి పోయండి. సోడా పోశాక ఉప్పు వేస్తే గ్యాసంతా నురగై పొంగిపోతుంది. బాదం బంక ఇష్టమైతే ముందు రాత్రే చిన్న పలుకు నానబెట్టాలి, ఉబ్బి పెద్దదవుతుంది కాబట్టి కొంచెమే తీసుకోండి.

నిమ్మకాయ విషయంలో ఒక్క మాట. కాయను చివరిదాకా పిండితే తొక్క చేదు దిగుతుంది. అది నన్నారి వగరుతో కలిస్తే వేరుదే తప్పనిపిస్తుంది. పాలలో కలుపుకునే అలవాటుంటే పాలు బాగా చల్లగా ఉండాలి. వేడిపాలలో పోస్తే షర్బత్‌లోని కొద్దిపాటి పులుపుకే విరిగినా విరగవచ్చు.

నన్నారి ఒంటికి చలువనీ, రక్తాన్ని శుద్ధి చేస్తుందనీ పెద్దలు చెబుతారు, ఆయుర్వేదంలో ఈ వేరుకు చోటుంది. అయితే మీరు చేస్తున్నది మందు కాదు, షర్బత్. పైన చెప్పిన ఒక్కో గ్లాసులో దాదాపు 27 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజుకు ఒక గ్లాసు దగ్గర ఆగడం మంచిది. ఇంట్లో షుగరు ఉన్నవాళ్లకు ఇది వద్దు. వాళ్లకు 10 గ్రాముల బెరడును అరలీటరు వేడినీళ్లలో మూతపెట్టి నానబెట్టి, వడగట్టి, చల్లార్చి, నిమ్మరసం, ఉప్పు కలిపి ఇవ్వండి. తీపి లేకున్నా ఆ వాసనే కొంత తీపి అనిపిస్తుంది. అది ఏ రోజుది ఆ రోజే. గర్భిణులు, రోజూ మందులు వాడేవాళ్లు తమ డాక్టరును అడిగి తాగాలి. ఎండదెబ్బ తగిలినవాళ్లకు మాత్రం ఇది ఓఆర్ఎస్‌కు బదులు కాదు.

మీ దగ్గరున్న సీసాల సంగతి. పొర కట్టినదాన్ని పారబోయండి. పొర తీసేసి మళ్లీ కాచి వాడుకోవడం మంచిది కాదు. గడ్డకట్టినదాన్ని బాగుచేయవచ్చు. సీసాను గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో నిలబెట్టి, నీళ్లను మెల్లగా వేడి చేయండి. చల్లటి సీసాను మరిగే నీళ్లలో దించితే పగులుతుంది. ముప్పావు లీటరు సీసాకు మూడు పెద్ద చెంచాల మరిగించిన నీళ్లు, ఒక చెంచా నిమ్మరసం వేసి, పలుకులన్నీ కరిగేదాకా తిప్పండి. ఒక్క పలుకు మిగిలినా దాని చుట్టూ మళ్లీ పేరుకుంటుంది. వాసన మాత్రం తిరిగి రాదు. దాన్ని నిమ్మరసంలో తీపి కోసం వాడేసుకోండి.

మళ్లీ కొమ్ములు కొనేటప్పుడు కిలోలకు కిలోలు కొనకండి. మారెడు కొమ్ము కోసం తవ్వితే మొక్కే పోతుంది. అడవుల్లో ఇప్పటికే ఇది అంతరించే ప్రమాదమున్న మొక్కల్లో ఒకటి. 100 గ్రాముల బెరడుతో రెండు లీటర్లకు కాస్త తక్కువగా షర్బత్ వస్తుంది, అంటే 60 గ్లాసులకు పైనే. ఇంటికి అది చాలు.

దాచమన్న బెరడు గుర్తుంది కదా. అందులో ఇంకా వాసన ఉంది. దాని మీద 400 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు పోసి మూతపెట్టి గంట ఉంచి, వడగట్టి, చల్లారగానే ఐసు ట్రేల్లో పోయండి. ఫ్రీజర్‌లో చేపలూ వెల్లుల్లీ ఉంటే ఆ వాసన ఐసుకు పడుతుంది కాబట్టి ట్రేను మూతున్న డబ్బాలో పెట్టండి. షర్బత్‌లో మామూలు ఐసు కరిగితే చివరికి చప్పబడుతుంది. ఈ ఐసు కరిగిన కొద్దీ తీపి తగ్గి, నన్నారి వాసన మిగులుతుంది.